సంస్థ కట్టుకునే ఇల్లు

కొత్త ప్రధాన కార్యాలయం కట్టదలచిన సంస్థ వ్యాపార కంపెనీ అయినా, ప్రభుత్వమైనా, మఠమైనా, నమూనా గీసేవారిని సాధారణంగా రెండు కోరికలు కోరుతుంది. కట్టడాన్ని చూడగానే తమ సంస్కృతి తెలియాలన్నది మొదటిది. లోపల పనిచేసేవాళ్లు ఒకరికొకరు దగ్గర కావాలన్నది రెండోది. పైకి ఇవి ఇంజనీర్లు తేల్చాల్సిన విషయాల్లా కనిపిస్తాయి గాని, వీటి అడుగున ఉన్నది మతాలన్నీ ఎదుర్కొన్న ప్రశ్న. పదిమంది కలిసి నమ్మేదాన్ని రాతిలోకి దించవచ్చా? దించాక అది అక్కడ బతికి ఉంటుందా, లేక రాయి మాత్రమే మిగులుతుందా? గుడి కట్టినవాళ్లూ విహారం కట్టినవాళ్లూ దీనికి తలా ఒక జవాబు చెప్పారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఆ జవాబులు చాలావరకు కళ్లెదుటే ఉన్నాయి. తాను పెరిగిన ప్రధాన కార్యాలయంతోనే తలపడిన ఒక మనిషి పుట్టిన ఊరు మదనపల్లె కూడా ఈ సీమదే.

ఈ సీమలోని నగరి నుంచి ఒక పూటలో వెళ్లి చూడగల గుళ్లు చాలా ఉన్నాయి. నారాయణవనంలో కల్యాణ వేంకటేశ్వరస్వామి, కార్వేటినగరంలో వేణుగోపాలస్వామి, నాగలాపురంలో వేదనారాయణస్వామి. పరిమాణంలోనూ వయసులోనూ ఒకదానికొకటి పోలిక లేకపోయినా అమరిక ఒకటే. గర్భాలయం ఇరుకుగా, చీకటిగా ఉంటుంది. అక్కడ నిలబడే హక్కు అర్చకుడిది. బయటికి వచ్చేకొద్దీ చోటు పెరుగుతుంది: అంతరాళం, ముఖమండపం, మహామండపం, ప్రాకారం, చివరికి మాడవీధులు. కేంద్రం ఎంత చిన్నదో అంచు అంత పెద్దది. దర్శనం మనిషికీ దేవుడికీ మధ్య ఒక్క క్షణం సాగే వ్యవహారం. దానికి పెద్ద గది అక్కర్లేదు. మనుషులకు మనుషులు తారసపడేది మండపంలో, కోనేటి మెట్ల మీద, వాహనం వెళ్లే వీధిలో. పెళ్లిళ్లు అక్కడే, పురాణ కాలక్షేపం అక్కడే, ఎండవేళ నడుం వాల్చేదీ అక్కడే. మూలవిరాట్టు కదలదు గాని ఉత్సవమూర్తి బయటికి వస్తుంది. నిలకడగా ఉండాల్సినదాన్నీ జనం దగ్గరికి నడవాల్సినదాన్నీ రెండు రూపాలుగా విడదీసి, రెంటికీ వేరువేరు చోట్లు కట్టిన ఆలోచన ఇది. ఆధునిక కార్యాలయాల్లో ఇంత స్పష్టత అరుదు. అక్కడ అధికారి గది విశాలంగానూ, నలుగురు నిలబడి మాట్లాడుకునే చోటు లిఫ్టు ముందున్న నాలుగడుగుల నేలగానూ ఉండటం మామూలు.

తిరుమలలో మహాద్వారం ఎదుట ఉన్న వేయికాళ్ల మండపాన్ని 2003లో తొలగించారు. ఆలయం ముందు రద్దీ తట్టుకోవడానికి వేసిన మాస్టర్ ప్లానులో అది భాగం. 15వ శతాబ్దానికి చెందినదని చెప్పే ఆ కట్టడం పోవడం మీద అప్పుడూ ఆ తర్వాతా చాలా బాధ, చాలా వాదం నడిచాయి. దేవస్థానం ఎదుర్కొంటున్న ఇబ్బంది చిన్నది కాదు. రోజుకు 60 వేల నుంచి 80 వేల మంది దాకా వచ్చే కొండ మీద పాత వెడల్పులు చాలవు. ఆ ఒత్తిడిలోనే వైకుంఠం క్యూ కాంప్లెక్సు పుట్టింది. వేలమందిని క్రమంగా, తొక్కిసలాట లేకుండా నడిపించే పద్ధతిగా అది అవసరమైన ఏర్పాటు. అయినా క్యూకూ మండపానికీ మధ్య ఉన్న తేడాను గమనించాలి. క్యూలో మనుషులు భుజం భుజం రాసుకుంటారు గాని అందరి చూపూ ఒకే దిక్కున, ముందున్నవాడి వీపు మీద ఉంటుంది. మండపంలో స్తంభానికి చేరగిలబడ్డ మనిషి ఎదుటి మనిషి ముఖం చూస్తాడు. దగ్గరగా ఉండటం వేరు, కలవడం వేరు. ఉద్యోగులను కలపడం కోసమని గోడలు తీసేసి వరసగా బల్లలు వేసిన పెద్ద హాళ్లలో చాలాసార్లు జరిగేది మొదటిదే. అందరూ ఒకేచోట కూర్చుంటారు, అందరూ తెర వైపే చూస్తారు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి పాత మండపాన్ని తెచ్చి కొత్త కార్యాలయంలో నిలబెడితే చాలనిపించవచ్చు. చరిత్ర దానికి ఒప్పుకోదు. ఆ మండపం అందరిదీ కాదు. ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా, దళితులకు ఎన్నో గుళ్ల గడప దాటే హక్కే లేదు. ఊళ్లో ఇంటి ముందు తిన్నె దారిన పోయేవాడికి నీడనిచ్చేది నిజమే, అయితే ఏ కులం మనిషి ఏ తిన్నె మీద కూర్చోవచ్చో, ఎవరు వీధిలోనే చేతులు కట్టుకుని నిలబడాలో ఊరందరికీ తెలుసు. రచ్చబండ ఊరిని కలిపింది, అదే రచ్చబండ కొందరిని దూరంగానూ ఉంచింది. కాబట్టి పాత కట్టడాలు సంస్కృతిని చూపించాయన్నది పూర్తిగా సత్యం. వాటిలో ఔదార్యం కనిపించినట్టే అంటరానితనమూ కనిపించింది. సమూహం తన గురించి తాను చెప్పుకునే మాట కట్టడంలోకి ఎక్కదు. అది రోజూ చేసే పని ఎక్కుతుంది. స్తంభాలు, తోరణాలు తెచ్చుకోవడం సులువు. ఆ స్తంభం నీడన ఎవరు, ఎవరి అనుమతి అడక్కుండా కూర్చోగలరన్నదే అసలు విషయం.

వాస్తుశాస్త్రం గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇవాళ ఏ కంపెనీ భవనం లేచినా వాస్తు పండితుడి సలహా ఉంటుంది. అడిగే ప్రశ్నలు మాత్రం బాగా కుదించుకుపోయాయి: యజమాని నైరుతిలో కూర్చోవాలా, ఈశాన్యం పెరిగిందా, ద్వారం ఎటు? అన్నీ యజమాని మేలు చుట్టూ తిరిగేవే. పాత గ్రంథాల్లోని వాస్తుపురుష మండలంలో ఇంతకన్నా పెద్ద ఆలోచన ఉంది. 81 గళ్ల మండలంలో 45 మంది దేవతలకు చోటు ఉంటుంది. నడిమి తొమ్మిది గళ్లు బ్రహ్మవి. అందరికన్నా పెద్ద వాటా ఆయనదే, అయినా ఆ నడిమి నేల మీద బరువు పెట్టకూడదు, గోడ లేపకూడదు. మండువా ఇళ్లలో ఆకాశానికి తెరిచి ఉంచిన నడిమి భాగం ఈ భావానికి ఇంటి రూపం. వాన, ఎండ, మాట, తగాదా అన్నీ ఆ నడుమనే పడతాయి. చదరపు అడుగుకు ధర కట్టే కాలంలో భవనం నడిబొడ్డును ఎవరికీ కేటాయించకుండా వదలడం నిజంగానే త్యాగం. వాస్తును నమ్మే సంస్థలు నైరుతి మీద చూపే శ్రద్ధలో సగమైనా ఈ నడిమి ఖాళీ మీద చూపితే, శాస్త్రానికీ పనిచేసేవాళ్లకూ మేలు జరిగేది.

బౌద్ధులు ఇంకో వైపు నుంచి ఆలోచించారు. ఇక్ష్వాకుల కాలంలో, క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో, నాగార్జునకొండ లోయలో లేచిన విహారాల పునాదులు చూస్తే పద్ధతి తేటగా తెలుస్తుంది. మధ్యలో స్తంభాల మండపం, దాని చుట్టూ భిక్షువులు ఉండే చిన్న చిన్న గదులు. ఒంటరిగా ధ్యానం చేసుకునే గది నుంచి బయట అడుగు పెడితే అందరిదైన చోటు వస్తుంది. ఏకాంతం, సాంగత్యం రెండూ సాధకుడికి అవసరమన్న అవగాహన ఆ అమరికలో ఉంది. అంతకన్నా విలువైనది వినయపిటకంలోని ఒక నియమం. ఆళవి ప్రాంతంలోని భిక్షువులు తమ కుటీరాల కోసం కలప, కూలీలు, ఎద్దులు కావాలని జనాన్ని అడిగి అడిగి విసిగించారట. భిక్షువులు కనిపిస్తే జనం తప్పుకు తిరిగే పరిస్థితి వచ్చింది. అప్పుడు బుద్ధుడు హద్దు పెట్టాడు. దాత లేకుండా తనకోసం కుటీరం కట్టుకునే భిక్షువు పొడవు పన్నెండు జానలు, వెడల్పు ఏడు జానలు మించకూడదు. స్థలాన్ని ముందుగా తోటి భిక్షువులకు చూపించి వాళ్ల సమ్మతి పొందాలి. ఆ నేల మీద ఉన్న ప్రాణులకు హాని కలగకూడదు. చుట్టూ తిరగడానికి చోటు వదలాలి. సంఘానికి ఇల్లు ఎలా కనిపించాలన్న దానికన్నా ముందు, ఎంత ఉండాలి, ఎవరు ఒప్పుకోవాలి, ఎవరి మీద భారం పడుతుంది అని ఇక్కడ అడుగుతున్నారు. కార్పొరేట్ ప్రధాన కార్యాలయాల చర్చలో సాధారణంగా వినిపించనివి సరిగ్గా ఈ మూడే.

ఆధునిక కాలంలో, ఒక సిద్ధాంతాన్ని చాటడం కోసమే తీర్చిదిద్దిన ప్రధాన కార్యాలయానికి దక్షిణాదిన ముందుగా చెప్పాల్సిన ఉదాహరణ మద్రాసులోని అడయారు. దివ్యజ్ఞాన సమాజం 1875లో న్యూయార్కులో పుట్టింది. వ్యవస్థాపకులు మేడం బ్లావట్‌స్కీ, కల్నల్ ఆల్కాట్ 1879లో బొంబాయి చేరారు, 1882లో అడయారు నది ఒడ్డున హడిల్‌స్టన్ గార్డెన్స్ అనే తోట ఇంటిని కొని ఆ ఏడాది చివర ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి మార్చారు. మొదట 27 ఎకరాలు. 1907లో అనీబిసెంట్ అధ్యక్షురాలయ్యాక అది 250 ఎకరాలు దాటింది. సత్యాన్ని మించిన మతం లేదన్నది సమాజం ప్రకటించుకున్న ఆదర్శం. దానికి తగినట్టే ప్రధాన హాలు గోడల మీద కృష్ణుడు, బుద్ధుడు, జరతుష్ట్రుడు, ఏసుక్రీస్తుల మూర్తులు చెక్కించారు, ఇతర మతాల గుర్తులకూ చోటిచ్చారు. తోటలో హిందూ ఆలయం, బౌద్ధ మందిరం, చర్చి, మసీదు, పార్సీల మందిరం విడివిడిగా వెలిశాయి. 1886లో ఆల్కాట్ నెలకొల్పిన గ్రంథాలయంలో తాళపత్రాలు చేరాయి. వార్షిక మహాసభలకు శతాబ్దాల వయసున్న మర్రిచెట్టు నీడే వేదికైంది. సంస్కృతి కనిపించాలి, మనుషులు కలవాలి అన్న రెండు కోరికలనూ ఇంత నిష్ఠతో తీర్చుకున్న కార్యాలయాలు తక్కువ. కులం, దేశం, మతం పట్టింపు లేకుండా మనుషులంతా సోదరులన్న మాటను ఆ కాలంలో మద్రాసులో నేల మీద గీసి చూపడం సాహసం. ఆ గౌరవం దానికి దక్కి తీరాలి.

మదనపల్లెతో ఈ సమాజానికి గట్టి బంధం ఉంది. అక్కడి బిసెంట్ థియొసాఫికల్ కళాశాల 1915 నాటిది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తిప్పిందీ, మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలు రాసిపెట్టిందీ ఆ ఆవరణలోనే. ఆ కళాశాల పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందు, 1895లో, అప్పటి కడప జిల్లాలో ఉన్న ఇదే ఊళ్లో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదో సంతానంగా కృష్ణమూర్తి పుట్టాడు. నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి, సమాజ సభ్యుడు. భార్య పోయి, ఉద్యోగ విరమణ అయ్యాక, అడయారులో పని ఇప్పించమని బిసెంట్‌ను పలుమార్లు అర్థించాడు. చివరికి 1909 జనవరిలో పిల్లలతో అక్కడికి చేరాడు. వాళ్లకు దొరికిన బస ఆవరణ లోపల కాదు. కాంపౌండు గోడ బయట, శిథిలమై, సరైన వసతుల్లేని చిన్న ఇల్లు. గోడకు లోపలి వైపు ప్రపంచ మతాలన్నిటికీ చోటుంది, అక్కడే పనిచేసే తెలుగు గుమాస్తా కుటుంబానికి లేదు. ఎవరి దుర్బుద్ధి వల్లనో అలా జరిగిందని చెప్పలేం. ఏ సంస్థలోనైనా ఆశయాలు హాల్లోకి వెళతాయి, బసల కేటాయింపు మరో బల్ల మీద జరుగుతుంది. సంస్కృతి ఏ బల్ల మీద తేలుతుందో ఆలోచించడానికి ఈ చిన్న వివరం కన్నా మంచి ఆధారం అక్కర్లేదు.

కొద్ది నెలలకే సముద్రపు ఒడ్డున ఆ కుర్రవాణ్ణి సమాజ నాయకుల్లో ఒకరైన లెడ్‌బీటర్ చూడటం, రాబోయే జగద్గురువు ఇతడేనని సమాజ పెద్దలు నమ్మడం, 1911లో అతని కోసం నక్షత్ర సంఘం ఏర్పడటం, తండ్రి కోర్టుకెక్కడం అందరికీ తెలిసిన కథ. ఈ వ్యాసానికి కావలసింది 1929 ఆగస్టు 3న జరిగినది. హాలండులోని ఓమెన్‌లో, బిసెంట్ సమక్షంలో, వేలాది సభ్యుల ముందు కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యానికి బాట వేయడం, దాని చుట్టూ సంస్థ కట్టడం కుదరదన్నది ఆయన వాదన. సంస్థ మనిషికి ఆసరాగా మొదలై అతని ఎదుగుదలను ఆపే బంధంగా మారుతుందని ఆయన అభిప్రాయం. మాటతో ఆగకుండా, సంఘానికి కేంద్రంగా ఉన్న ఈర్డె కోటనూ దాని భూములనూ ఇచ్చిన దాతకే తిప్పి ఇచ్చేశాడు. అది ఒక సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని తానే వదులుకున్న సందర్భం. మత చరిత్రలో అలాంటివి ఎక్కువ లేవు.

అయితే ఆ మనిషి ఆ తర్వాత కట్టడాలు లేకుండా బతికాడనుకోవడం పొరపాటు. మద్రాసులో వసంత విహార్ ఆయన పని సాగే కేంద్రమైంది. మదనపల్లెకు దగ్గర్లో ఆయన ఎంచుకున్న కొండల నడిమి మెట్ట నేలలో రిషివ్యాలీ బడి 1930ల తొలినాళ్ల నుంచి నడుస్తోంది. అక్కడి ఒక ఏర్పాటు ఈ చర్చకు నేరుగా పనికొస్తుంది. సాయంత్రం పిల్లలు ఆరుబయట చేరి, సూర్యుడు కొండ వెనక్కి దిగేదాకా మాట లేకుండా కూర్చుంటారు. అస్తాచలం అంటారు దాన్ని. విగ్రహం లేదు, మంత్రం లేదు, ఏ మతపు గుర్తూ లేదు. గోడ కూడా లేదు. బడి నమ్మే విషయం ఒక చోటులోకి, ఒక వేళలోకి దిగింది, రాతిలోకి కాదు. చెక్కిన శిల్పాన్ని చూసినవాడు చూసి వెళ్లిపోతాడు, అస్తాచలానికి మాత్రం ప్రతిరోజూ మళ్లీ మనుషులు వచ్చి కూర్చోవాలి. రాకపోతే అక్కడ ఏమీ ఉండదు.

ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్కులో తన బోధనలు చదువుకోవడానికి ఒక కేంద్రం కట్టాలన్న తలంపు కృష్ణమూర్తి చివరి ఏళ్లలో గట్టిపడింది. కీత్ క్రిచ్‌లో అనే వాస్తుశిల్పి దాన్ని రూపొందించారు. 1986 ఫిబ్రవరిలో కృష్ణమూర్తి కాలిఫోర్నియాలోని ఓహైలో మరణించాక, మరుసటి ఏడాది అది పూర్తయింది. గుర్తులూ సంస్థలూ వద్దన్న మనిషి ఇటుకల గురించి, గదుల గురించి అంత పట్టింపుతో మాట్లాడటం వైరుధ్యంగా కనిపించవచ్చు. ఆయన అడిగినదేమిటో చూస్తే ఆ వైరుధ్యం చాలావరకు విడిపోతుంది. ఆ ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యం ఒక నిశ్శబ్దపు గది కావాలన్నాడు. అందులో పని ఉండదు, ఉపన్యాసం ఉండదు, ఆయన బొమ్మ ఉండదు. మిగిలిన ఇంటికంతటికీ వెచ్చదనం అక్కడి నుంచి రావాలన్నది ఆయన ఊహ. వాస్తుపురుషుడి నడిమి గళ్లలాగే ఇక్కడా కేంద్రం ఖాళీ. ఈ రెండు ఆలోచనల మధ్య వారసత్వం ఉందని చెప్పే సాక్ష్యమేమీ లేకపోయినా, కట్టడం మనిషికి ఏం చేయగలదన్న విషయంలో అవి ఒకే చోటికి చేరాయి. కట్టడం నమ్మకాన్ని ఇవ్వలేదు, స్నేహాన్ని పుట్టించలేదు. అవి పుట్టే చోటును ఆక్రమించకుండా ఉండగలదు.

ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ పనిచేసే ఆ భవనంలో ధ్యానమందిరాన్ని ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ స్వయంగా పట్టించుకుని తీర్చిదిద్దించి 1957లో తిరిగి తెరిచారు. నడుమ ఆరున్నర టన్నుల ఇనుప ఖనిజపు బండ, దాని మీద పైనుంచి పడే సన్నని వెలుగు. ఏ మత చిహ్నమూ లేదు. ఈ వేదిక ఖాళీగా ఉన్నది దేవుడు లేడని కాదనీ, మనుషులు రకరకాల పేర్లతో కొలిచే దేవుడికి ఇది అంకితమనీ ఆయన వివరించారు. ఖనిజాన్నే ఎంచుకోవడంలో ఇంకో ఉద్దేశం ఉంది. అదే ఇనుముతో కత్తీ చేయవచ్చు, నాగలీ చేయవచ్చు. అడయారు అన్ని గుర్తులనూ ఒకచోటికి చేర్చింది. ఇక్కడ అన్నిటినీ తీసేశారు. తీసేయడంలోనూ ఒక లోటు ఉంది. నామం, రూపం లేకుండా మనసు నిలపలేనివాళ్లకు ఆ గది పరాయిగానే ఉంటుంది. ఏ గుర్తూ లేని దైవం కూడా ఒక రకం భక్తుడికే అనువైన దైవం. అందరికీ సమానమైన శూన్యం అనేది అనుకున్నంత సులువుగా దొరకదు.

తెలుగు నేల మీద ఇటీవల ఇదే సమస్యకు మూడో పరిష్కారం వెతికారు. హైదరాబాదులో తెలంగాణ కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. ఆస్కార్, పొన్ని దంపతుల నమూనా, సుమారు 28 ఎకరాల స్థలం, 265 అడుగుల ఎత్తు, అంబేడ్కర్ పేరు. గుమ్మటాల ఆకృతికి నిజామాబాదు నీలకంఠేశ్వరాలయాన్నీ వనపర్తి సంస్థాన భవనాన్నీ ఆధారంగా తీసుకున్నారు. సంస్కృతి కనిపించాలన్న కోరిక అక్కడ బాహాటంగానే ఉంది. 2020 జులైలో పాత భవనాలు కూలుస్తున్నప్పుడు ఆవరణలోని నల్ల పోచమ్మ గుడి, మసీదులు దెబ్బతిన్నాయి. ముఖ్యమంత్రి విచారం తెలిపి, కొత్తవి కట్టిస్తామని మాట ఇచ్చారు. 2023 ఆగస్టు 25న గుడి, మసీదు, చర్చి మూడూ ఒకే రోజు తెరుచుకున్నాయి. అందరి గుర్తులూ ఒకే గోడ మీద కాదు, గుర్తులేని ఒకే గదీ కాదు, ఎవరి ఇల్లు వారిదిగా పక్కపక్కనే ఉంచారు. మన జనానికి అలవాటైన సహజీవనం నిజానికి ఇదే. బజారులో గుడి, దర్గా, చర్చి ఒక్కో మలుపులో ఉంటాయి, ఎవరూ ఎవరి పూజనూ తమదిగా చేసుకోనక్కర్లేదు. ఈ పద్ధతిలో నిజాయితీ ఎక్కువ. కలయిక మాత్రం పూజ దగ్గర జరగదు. పూజ ముగించి బయటికి వచ్చిన మనుషులు ఎక్కడ టీ తాగుతారన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ చోటును ఎవరూ శంకుస్థాపన చేసి ప్రారంభించరు.

ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి శంకుస్థాపన (2015 అక్టోబరు 22, ఉద్దండరాయునిపాలెం) నాడు రాష్ట్రంలోని ఊళ్ల నుంచి మట్టినీ నీటినీ తెప్పించడంలో ఇంకో రకం భావన ఉంది. అది కట్టడానికి ముందే ఊళ్లను అందులో కలిపే కర్మకాండ. హైకోర్టుకు స్తూపాన్ని తలపించే ఆకృతి గీయించడం దాని తర్వాతి మాట. మట్టి తెచ్చిన ఊరివాళ్లకు ఆ రాజధాని ఎంత తమదవుతుందో తేల్చేది మాత్రం వాళ్లు పనిమీద వచ్చినప్పుడు ఏ బెంచీ మీద, ఎంతసేపు కాచుకుని కూర్చోవలసి వస్తుందన్నది.

ప్రైవేటు కంపెనీల దగ్గరికి వస్తే దక్షిణ రాయలసీమలో ఈ ప్రశ్న కొత్తగా పదునెక్కింది. కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా వంటి స్థానిక సంస్థలు ఉన్నాయి. సత్యవేడు వైపు శ్రీసిటీలో ఇసుజు, కొబెల్కో వంటి జపాను కంపెనీల కర్మాగారాలు ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల యువతీయువకులు, తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడేవాళ్లు, వాటిలో పనికి వెళుతున్నారు. భూమిపూజ లేకుండా పునాది పడదు. గుమ్మడికాయ కొట్టకుండా యంత్రం తిరగదు. యజమాని విశ్వాసం అందరి విశ్వాసంగా చలామణీ అవుతుందేమోనన్న శంక సహేతుకమే. ముస్లిం, క్రైస్తవ ఉద్యోగులు ఆ వేళ ఎక్కడ నిలబడాలో తెలియక ఒక పక్కకు తప్పుకోవడం చాలాచోట్ల కనిపించే సంగతి. దీనికి జవాబు పూజ మానేయడమా, అందరి పండుగలూ లెక్కపెట్టి జరపడమా అన్న వాదం తెగేది కాదు.

విజయదశమి వేళ జరిగే ఆయుధపూజ ఈ ముడి విప్పడానికి కొంత సాయపడుతుంది. నగరి, పుత్తూరు ప్రాంతంలో మరమగ్గాల షెడ్లలో ఆ రోజు చప్పుడు ఆగుతుంది. మగ్గాన్ని తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పూలు చుడతారు. పూజ అందుకునేది యజమాని కాదు, అతని కుర్చీ కాదు, పనిముట్టు. నేసేవాడికీ మెకానిక్కుకూ ఊడ్చే మనిషికీ తలా ఒక పనిముట్టు ఉంది కాబట్టి ఎవరూ చూసిపోయేవాళ్లుగా మిగలరు. పసుపు కుంకుమల వల్ల అది ఒక మతానిదే అన్నది నిజం. అయినా దాని లోపలి భావం, చేతిని బతికించే వస్తువు ముందు ఏడాదికొకసారి పని ఆపి తల వంచడం, ఏ మతస్థుడికైనా అర్థమయ్యేదే. కార్యాలయ నమూనాలో సంస్కృతి అంటే ముఖద్వారం దగ్గర ఇత్తడి దీపస్తంభం, గోడకు కలంకారీ తెర అని సరిపెట్టుకునే అలవాటు బలంగా ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ గొప్ప కళ, గోడ మీద ఉండదగ్గదే. కాని దాన్ని చేసిన చేయి కూర్చునే నేల, ఆ చేతికి దొరికే వెలుతురు, విరామం ఈ సంస్కృతిలో భాగం కాకుండా పోతే, గోడ మీది తెర కొన్న వస్తువుగానే మిగులుతుంది.

ఇక మిగిలింది కాలం. ఖాళీగా వదిలిన చోటును ఖాళీగా నిలపడం, కట్టడం కన్నా కష్టమైన పని. గుళ్లలో మండపాలకు ఇనుప కటకటాలు వచ్చాయి, కొన్ని టికెట్ల కౌంటర్లయ్యాయి, కొన్ని సామాను గదులయ్యాయి. కార్యాలయాల్లో సిబ్బంది పెరిగిన కొద్దీ మొదట పోయేది నిశ్శబ్దపు గది, తర్వాత నడిమి హాలు. ఒక్కో మార్పుకూ సరైన కారణమే ఉంటుంది, ఆ కారణం రాసి సంతకం పెట్టే అధికారీ ఉంటాడు. ఆ చోటు పక్షాన మాట్లాడే మనిషే ఉండడు. వినయపిటకం స్థల నిర్ణయాన్ని తోటివాళ్ల సమ్మతికి ముడిపెట్టింది. గుడి సంప్రదాయం ఊరేగింపు వీధిని ఎవరూ ఆక్రమించకుండా ఉత్సవాన్నే కాపలా పెట్టింది, ఏటా రథం తిరగాలి గనుక వీధి మిగిలింది. కొత్తగా కట్టే సంస్థకు ఈ రెండు ఏర్పాట్లూ అందుబాటులోనే ఉన్నాయి. ఉమ్మడి చోటును మార్చాలంటే అక్కడ పనిచేసేవాళ్లంతా, కాపలాదారు, వంటవాళ్లు, కాంట్రాక్టు కూలీలతో సహా, ఒప్పుకోవాలన్న నిబంధనను నిర్మాణ పత్రాల్లోనే చేర్చవచ్చు. ఆ చోటు లేకపోతే జరగని పని ఒకటి, అందరూ కలిసి తినే భోజనమో, నెలకోసారి ఏ పదవివాడైనా నిలబడి మాట్లాడగల సభో, క్యాలెండరులో స్థిరపరచవచ్చు.